జీవశాస్త్ర పరిశ్రమలు: స్త్రీలకు మనము తీర్చవలసిన ఋణము

(ఒక మహిళా కళాశాల వార్షికోత్సవ సభయందు ఒక న్యాయవాది గావించిన ఉపన్యాసము)



జీవశాస్త్రములందు విద్య ముగించి వెలువడుచున్న ఈ విద్యార్థినులతో నాలుగు మాటలు చెప్పుమని నన్ను కోరినారు. నేను న్యాయవాదిని. సూక్ష్మజీవులను గూర్చి వీరికి తెలిసినదానిలో శతాంశమైనను నాకు తెలియదు. అయినను నేనీ వేదిక నెక్కుటకు కారణమొకటి కలదు. శాస్త్రము చదివిన స్త్రీ తన విద్యను తన పరిశ్రమగా మార్చుకొనదలచినపుడు ఆమెకు మొదట అడ్డుపడునది శాస్త్రము కాదు. దస్తావేజు, పూచీకత్తు, తాకట్టు, టెండరు. ఇవి నా వృత్తిలోని వస్తువులు. కావున వానిని గూర్చియే మనవి చేసెదను.

మన దేశమున స్త్రీలకు విద్యాద్వారము తెరచుకొన్న విధమును ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకొందము. 1933లో కమలా సోహొనీ బెంగుళూరు విజ్ఞానసంస్థలో ప్రవేశము కోరగా, ఆమె స్త్రీ యను కారణముచేత సర్ సి. వి. రామన్ నిరాకరించెను. ఆమె వెనుదిరుగలేదు. చివరకు ఒక సంవత్సరము పరీక్షార్థమను షరతుపై ప్రవేశము దొరకెను. 1939లో ఆమె కేంబ్రిడ్జిలో డాక్టరు పట్టము పొందెను. పిమ్మట నీరా మొదలగు మన పేదల ఆహారములలోని పోషకశక్తిని పరిశోధించి లోకమునకు తెలిపెను. అంతటి ప్రజ్ఞావంతురాలు గడపవద్ద నిలువవలసి వచ్చిన కాలమది. నేడా గడప దాటితిమి. 1983లో తిరుపతియందు కేవలము స్త్రీలకొరకే పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయము వెలసినది. 2021–22 సంవత్సరపు అఖిలభారత ఉన్నతవిద్యా సర్వే ప్రకారము విజ్ఞానశాస్త్ర శాఖలలో చదువుచున్న 57.2 లక్షల మందిలో 29.8 లక్షల మంది స్త్రీలే. కావున చదువు లేదను సాకు ఇక చెల్లదు.

కాని చదువుల ద్వారమునకు ఆవల మరియొక ద్వారము కలదు. దాని పేరు యాజమాన్యము. ప్రయోగశాలలో తెల్లకోటు తొడిగి పనిచేయు స్త్రీలు నేడు వేలసంఖ్యలో నున్నారు. సంతోషమే. అయితే ఏ మందు చేయవలెను, ఏ రోగముపై ధనము వెచ్చింపవలెను, ఏ వెలకు అమ్మవలెను అను నిర్ణయము ప్రయోగశాలలో జరుగదు. యజమానుల గదిలో జరుగును. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల లోపు స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనతతో నున్నట్లు తేలినది. ఇట్టి దేశమున, స్త్రీదేహపు బాధ నెరిగినవారు ఆ గదిలో నుండుట యుక్తమా, కాదా? మీరే చెప్పుడు.

ఇది క్రొత్త సిద్ధాంతము కాదు. ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్ కలకత్తాలో రసాయనశాస్త్రము బోధించుచు, శిష్యులు పట్టములు పుచ్చుకొని ఉద్యోగములకై తిరుగుట చూచి, 1892లో కొద్దిపాటి స్వంత సొమ్ముతో మందుల తయారీ ప్రారంభించెను. అదియే బెంగాల్ కెమికల్స్ అయ్యెను. విద్య యుండి యంత్రము పరులదైనచో జాతి కూలివాని స్థితిలో నుండునని ఆయన గుర్తించెను. నాడు జాతికి వర్తించిన సత్యము నేడు స్త్రీజాతికి వర్తించుచున్నది.

ఇక ఒక ఉదాహరణము. బెంగుళూరులో జన్మించిన కిరణ్ మజుందార్ జంతుశాస్త్రము చదివి, ఆస్ట్రేలియాలో మద్యము కాచు శాస్త్రమున శిక్షణ పొంది వచ్చెను. ఆమె తండ్రియు ఆ వృత్తిలో ప్రసిద్ధుడే. అయినను స్త్రీకి ఆ పని తగదని స్వదేశమున ఆమెకు ఉద్యోగ మీయలేదు. 1978లో ఐర్లండు దేశపు కంపెనీ యొకదానితో కూడి, అద్దె యింటి కారుకొట్టములో, 10,000 రూపాయల మూలధనముతో బయోకాన్ నెలకొల్పెను. బొప్పాయి పాలనుండి పపెయిను, చేపల గాలితిత్తులనుండి పానీయములను తేటపరచు పదార్థము – ఇవి ఆ సంస్థ మొదటి సరకులు. బ్యాంకులు అప్పీయ వెనుదీసినవి. వయస్సు చిన్నది, పరిశ్రమ క్రొత్తది, మనిషి స్త్రీ. ఈ మూడును వారి దృష్టిలో మూడు దోషములు.

ఈ కథలో న్యాయవాది గమనింపవలసిన అంశ మొకటి కలదు. విదేశీయుల వాటాను పరిమితము చేయు నాటి చట్టమువలన సంస్థలో నూటికి 70 వంతులు ఆమె పేరనే యుండెను. ఐర్లండు వారి మంచితనము మాత్రమే కాదు, స్వదేశీ చట్టము ఆమెను యజమానురాలిగా నిలిపినది. ఆ తరువాత ఐర్లండు సంస్థ 1989లో పరహస్తగతమైనను బెంగుళూరు సంస్థ నిలిచినది. 2004లో వాటాలు బజారులోనికి వచ్చిన మొదటి దినముననే ఆ కంపెనీ విలువ 100 కోట్ల డాలర్లు దాటెను. ఇన్సులిను మొదలగు మందులు నేడు ఆ సంస్థనుండి దేశదేశములకు పోవుచున్నవి. నా మాట యిది: ప్రతిభ ఆమెదే, సాహసము ఆమెదే, కాని యాజమాన్యము కాగితముపై ఆమె పేర నుండబట్టియే ఆ ప్రతిభాసాహసముల ఫలము ఆమె చేతిలో నిలిచెను.

మన హైదరాబాదునకు వత్తము. 1993లో వరప్రసాదరెడ్డిగారు స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో కామెర్ల నివారణకు స్వదేశీ హెపటైటిస్-బి టీకాను తెచ్చినది. ఆ సంస్థకు ఆయన తన తల్లి పేరు పెట్టెను. ఇది మెచ్చదగిన మాతృభక్తి. అయితే నేను తెలుగు తండ్రులతో ఒక మాట చెప్పుదును: తల్లి పేరు పరిశ్రమకు పెట్టుట గౌరవము, కూతురి పేర పరిశ్రమయే పెట్టుట అంతకు మించిన గౌరవము.

1996లో కృష్ణ ఎల్లా, సుచిత్రా ఎల్లా దంపతులు హైదరాబాదున భారత్ బయోటెక్ నెలకొల్పిరి. 2022లో ఇరువురకును కలిపి పద్మభూషణ మీయబడినది. వారి రోటావైరసు టీకా చరిత్ర చూడుడు. పసిపిల్లల అతిసారమునకు కారణమగు ఆ వైరసు జాతిని ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థవారు వేరుచేసినది 1980–90 దశాబ్ది నడుమ. 6,799 మంది శిశువులపై జరిపిన తుది పరీక్షల ఫలితములు వెలువడినది 2013లో. టీకా లోకమునకు విడుదలయైనది 2015లో. ఆంధ్రప్రదేశముతో సహా నాలుగు రాష్ట్రములలో ప్రభుత్వ టీకాల పట్టికలో చేరినది 2016లో. అనగా ప్రయోగశాలనుండి పసిబిడ్డ నోటివరకు ముప్పది యేండ్లు! నడుమ ప్రభుత్వ జీవసాంకేతిక శాఖయు, స్వదేశ విదేశ పరిశోధనసంస్థలును చేయి కలుపవలసి వచ్చెను.

జీవశాస్త్ర పరిశ్రమకును తక్కిన వ్యాపారములకును గల భేద మిదియే. బట్టల కొట్టు పెట్టినవారు నేడు కొని రేపు అమ్ముదురు. అప్పడముల పరిశ్రమ పెట్టినవారు వారములోపల డబ్బు చూతురు. 1959లో బొంబాయిలో ఏడుగురు స్త్రీలు 80 రూపాయల అప్పుతో ఆరంభించిన లిజ్జత్ పాపడ్ జగత్ప్రసిద్ధము. ఆ తల్లులకు నా నమస్కారములు. కాని 'స్త్రీల పరిశ్రమ' యనగానే అప్పడములు, పచ్చళ్లు, కుట్టుమిషను తప్ప మరియొకటి తోచని మన అధికారుల బుద్ధికి మాత్రము నమస్కారము లేదు. టీకా గాని, రోగనిర్ణయ సాధనము గాని, పైరుల తెగుళ్ల నణచు జీవరసాయనము గాని సంవత్సరములపాటు ధనమును మింగి, పరీక్షలన్నియు గడచి, అనుమతులు పొందిన పిమ్మటనే కాసు రాల్చును. అంతవరకు వేచియుండగల మూలధనము ఎవరికి గలదు? తాత తండ్రుల ఆస్తి చేతిలో నున్నవారికి గలదు. మన స్త్రీలకు అది యున్నదా?

ఇక్కడ నా వృత్తిలోని మర్మము విప్పవలసియున్నది. అవిభక్త హిందూ కుటుంబపు ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానముగా జన్మతః హక్కు కలదని ఆంధ్రప్రదేశము 1985లోనే చట్టము చేసి దేశమునకు దారి చూపినది. అప్పటికే వివాహమైన కుమార్తెలకు ఆ చట్టము వర్తింపలేదు. 2005లో పార్లమెంటు హిందూ వారసత్వ చట్టమును సవరించి ఆ భేదమును తొలగించినది. 2020లో సుప్రీంకోర్టు, సవరణ నాటికి తండ్రి జీవించి యుండనక్కరలేదనియు, హక్కు పుట్టుకతో వచ్చునదే యనియు స్పష్టపరచినది. చట్టము ఇంతకన్న తేటగా ఏమి చెప్పవలెను?

అయినను జరుగుచున్న దేమి? స్త్రీల ఆస్తిహక్కును గూర్చి ప్రచారము చేయుచు మేము గ్రామములు తిరిగినపుడు ప్రతి యూరను విన్న మాట ఒక్కటే: 'ఆడపిల్లకు పెండ్లి చేసినాము, పసుపుకుంకుమ లిచ్చినాము, ఇక వాటా ఏమిటి?' తండ్రి గతించిన నెలలోపల అన్నదమ్ములు ఆడపడుచును పిలిపింతురు, భోజనము పెట్టుదురు, చీర పెట్టుదురు, హక్కు విడుదల దస్తావేజుపై సంతకము పెట్టింతురు. 'పుట్టింటి గడప తొక్కవలెనా, వద్దా?' అను ప్రశ్న పైకి అనకయే అందరి కన్నులలో నుండును. ఆమె సంతకము చేయును. ఆ సంతకముతో పోవునది నాలుగెకరములు మాత్రమే కాదు. రేపామె బ్యాంకునకు పోయినపుడు చూపవలసిన పట్టాదారు పాసుపుస్తకము పోవును, హామీ పోవును, పది సంవత్సరములు వేచియుండగల శక్తి పోవును. ఒక ప్రయోగశాల పుట్టకమునుపే రిజిస్ట్రారు కచేరీలో గిట్టిపోవును.

కావున నా సహవృత్తికులకు ఈ సభాముఖమున నొక విన్నపము. ఇట్టి దస్తావేజు వ్రాయుమని ఎవరైనను వచ్చినపుడు, ఆ స్త్రీని ఒంటరిగా కూర్చుండబెట్టి, ఆమె వాటా ఎంతయో, దాని నేటి వెల ఎంతయో చెప్పి, ఆమె నోటనే ఆమె యిష్టమును వినక కలము పట్టకుడు. ఆమె మనఃపూర్వకముగా విడిచినచో అది దానము. తెలియక విడిచినచో అది అపహరణము. రెండవదానికి మనము వ్రాయసకాండ్రము కారాదు. ఫీజు పోవును, పోనిండు.

ప్రభుత్వము చేతులు ముడుచుకొని కూర్చున్నదని నేననను. 2012లో ఏర్పడిన బైరాక్ అను ప్రభుత్వసంస్థ, జీవసాంకేతిక రంగమున క్రొత్త ఆలోచన గలవారికి 50 లక్షల రూపాయలవరకు తిరిగి చెల్లింపనక్కరలేని సాయము చేయుచున్నది. 2016లో ప్రారంభమై 2025 వరకు నడచిన స్టాండప్ ఇండియా పథకము స్త్రీలకును, షెడ్యూల్డు కులములు తెగలవారికిని 10 లక్షలు మొదలు కోటి రూపాయలవరకు బ్యాంకు ఋణము నుద్దేశించెను. 2018లో తెలంగాణ ప్రభుత్వము హైదరాబాదున స్త్రీ పారిశ్రామికులకై వీ హబ్ నెలకొల్పెను. స్వాతంత్ర్య స్వర్ణోత్సవ జ్ఞాపకముగా చెన్నై చెంత సిరుసేరిలో స్త్రీలకే ప్రత్యేకముగా బయోటెక్నాలజీ పార్కు వెలసినది. 2019లో సవరించిన పేటెంటు నిబంధనల ప్రకారము, దరఖాస్తుదారులు వ్యక్తులై వారిలో ఒక్కరైనను స్త్రీ యైనచో, త్వరిత పరీక్షను కోరవచ్చును.

ఇవి మంచి పనులే. అయితే వీనిలో రెండు లోపములు కలవు. మొదటిది మనలోనిది. స్త్రీలకు రాయితీ యున్నదనగానే భార్య పేర, కోడలి పేర కంపెనీ రిజిష్టరు చేయించి, పేరు ఆమెది, పెత్తనము తనది చేసికొను పురుషులు కలరు. నూటికి 51 వంతులు స్త్రీ పేర నున్నంతమాత్రమున చట్టము తృప్తి పడును. ధర్మము తృప్తి పడదు. చెక్కుపై సంతకము చేయుటే తప్ప లెక్క చూడ నెరుగని యజమానురాలు యజమానురాలు కాదు, వేలిముద్ర. ఇది నిజముగా కష్టపడు స్త్రీ నోటికాడి కూడు తీయుట.

రెండవది బజారు. సాయముతో సరకు తయారైన పిమ్మట మొదట కొనువా రెవరు? 2021 జూనులో కేంద్రప్రభుత్వము హైదరాబాదులోని బయొలాజికల్-ఇ సంస్థనుండి 30 కోట్ల కోవిడు టీకా మోతాదులకై, టీకా ఇంకను పరీక్షలలో నుండగానే, 1,500 కోట్ల రూపాయలు ముందుగా చెల్లించుటకు ఒప్పుకొనెను. 1953లో పుట్టిన ఆ కుటుంబసంస్థను నడుపుచున్నది మహిమా దాట్ల. ఆ టీకా 2021 డిసెంబరులో అత్యవసర అనుమతి పొంది, 2022 మార్చినుండి 12–14 ఏండ్ల పిల్లలకు వేయబడెను. కొనువాడు ముందుగా మాట ఇచ్చినచో పరిశ్రమ ఎట్లు పరుగెత్తునో దీనివలన తెలియుచున్నది. పెద్ద సంస్థకు ఆపత్కాలమున చేసినదానిని, చిన్న సంస్థకు సామాన్యకాలమున కొలది ప్రమాణముననైన చేయరాదా? 2018లో సవరించిన కొనుగోలు విధానమువలన కేంద్ర ప్రభుత్వశాఖలును ప్రభుత్వసంస్థలును తమ వార్షిక కొనుగోళ్లలో నూటికి 3 వంతులు స్త్రీల చిన్నపరిశ్రమలనుండి కొనవలెను. ఈ నియమము మన రాష్ట్ర ఆసుపత్రుల కొనుగోళ్లకును వర్తింపవలెను. మూడేండ్ల వ్యాపారపు లెక్కలు చూపుమను టెండరు షరతు, నిన్న పుట్టిన సంస్థను మూడేండ్లు ఉపవాస ముండుమనుటయే. నాణ్యమున రవ్వంతయు సడలింపవలదు. వయస్సును మాత్రము నేరముగా నెంచవలదు.

మరియొక చిక్కు కలదు. పాత్రలో పెరుగు సూక్ష్మజీవికి రాత్రింబగళ్లు లేవు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము స్త్రీలు రాత్రివేళ పనిచేయరాదని నిషేధించెను. 2000లో మద్రాసు హైకోర్టును, 2002లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టును ఆ నిషేధము సమానత్వమునకు విరుద్ధమని తీర్పు చెప్పినవి. స్త్రీ సమ్మతిపై, రక్షణ నియమములతో రాత్రిపనికి వీలు కల్పించుచు 2020లో పార్లమెంటు చట్టము చేసినది. తలుపు తెరచుకొన్నది; బాట లేదు. రాత్రి రెండు గంటలకు ఆమెను ఇంటికి చేర్చు బండి ఏది? ప్రసూతి చట్టము 2017 సవరణ తరువాత జీతము తీసికొను స్త్రీకి 26 వారముల సెలవిచ్చుచున్నది. స్వంత సంస్థ పెట్టిన తల్లికి సెలవిచ్చు వారెవరు? 50 మంది పనివారున్నచోట శిశుగృహ ముండవలెనని ఆ చట్టమే చెప్పుచున్నది. నలుగురితో నడచు చిన్న ప్రయోగశాల దాని నెట్లు పెట్టగలదు? కావున జీనోమ్ వ్యాలీ వంటి ప్రతి పరిశోధనవాడయందును అందరికిని ఉమ్మడిగా శిశుగృహమును, రాత్రి బండిని ఏర్పరచుట పార్కు యజమానుల విధి కావలెను. ఉమ్మడి యంత్రములను అద్దెకిచ్చువారు ఉమ్మడి ఊయలను కట్టలేరా?

'ప్రతిభ యున్నచో స్త్రీయైన నేమి, పురుషుడైన నేమి? ప్రత్యేకసాయ మేల?' అని ఆక్షేపించువారు కలరు. వారి కొక్కటే ప్రత్యుత్తరము. తాకట్టు పెట్టు భూమి ప్రతిభనుబట్టి పంచబడలేదు. కొడుకు, కూతురు అను భేదమునుబట్టి పంచబడినది. ఆ భూమిని జూచి అప్పిచ్చుటయే ప్రత్యేకసాయము. అది తరతరములుగా పురుషునకు అందుచున్నది. దాని పేరు మనము సాయమని పిలువలేదు, అంతే.

ఇక విద్యార్థినులారా! మీతో మూడు మాటలు. మీ పరిశోధనలో క్రొత్తది కనిపించినచో, సభలో చదువుటకు ముందు పేటెంటు కచేరీలో దాఖలు చేయుడు. తాత్కాలిక వివరణము నేడిచ్చి, సంపూర్ణ వివరణమునకు 12 నెలల గడువు తీసికొనవచ్చును. భాగస్వామి తండ్రియైనను, భర్తయైనను, స్నేహితురాలైనను, ఎవరి వాటా ఎంతయో మొదటి దినముననే కాగితముపై పెట్టుడు. ప్రేమకు దస్తావేజు శత్రువు కాదు, కాపరి. మీకు చదివి అర్థము కాని కాగితముపై, అది పుట్టింటి కాగితమైనను అత్తింటి కాగితమైనను, సంతకము చేయకుడు.

తండ్రులారా! కూతురి పెండ్లికి లక్షలు కూడబెట్టుచున్న మీరు ఆ సొమ్ములో సగము ఆమె పేర, ఆమె చేతిలో, ఆమె పనికై ఉంచి చూడుడు. అల్లుడు బంగారము నడుగునేమో గాని, దేశము ఆమె చేతిపని నడుగుచున్నది. 1892లో ఒక ఉపాధ్యాయుని కొద్దిసొమ్ము, 1978లో ఒక యువతి పదివేల రూపాయలు చేసిన పని మన కన్నులయెదుట నున్నది. మన జిల్లాలలో అట్టి పదివేలకై ఎదురుచూచుచున్న చేతు లెన్నియో! వానికి భిక్ష వేయవలదు. వాని వాటా వానికి పెట్టుడు. అదియే మనము తీర్చవలసిన ఋణము.

వందేమాతరమ్.